దుర్గ పెళ్ళిలో గాడ్పూ, వానా

నాంచారూ,

నా రాత కోడి గెలికినట్టుంటుంది, తప్పులూ బోలెడు. ఏమనుకోకుండా చదువుకో.

నిన్న మన మనవరాలు దుర్గ పెళ్ళి అయింది. నువ్వు పోయాక మన ఇంట్లో ఇదే మొదటి పెళ్ళి. గుడివాడ నుంచి మగపెళ్ళివారు బస్సు దిగేసరికి పడమటి గాడ్పు కొలిమిలా కొడుతోంది. వంట పొయ్యిలోంచి నిప్పురవ్వ ఎగిరి తాటాకు పందిరి అంచున పడింది. పొగ లేచింది. చేతికందిన మజ్జిగ బకెట్టు ఎత్తి పోసేశాను. ఆరిపోయింది.

వెంటనే పొయ్యిలన్నీ ఆర్పించాను. మన పూరిళ్ళ కాలంలో గాడ్పు రోజున మిట్టమధ్యాహ్నం పొయ్యి వెలిగించేవాళ్ళమా? కానీ బియ్యం కడిగినవి కడిగినట్టే ఉండిపోయాయి. "మగపెళ్ళివాళ్ళని పస్తు పంపిస్తామా నాన్నా?" అని మన అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అంతలో గుడివాడ వైపు నల్లగా కమ్మింది. ఉరుములు, ఈదురుగాలి, ఆ వెనకే కుండపోత. పందిరీ, సన్నాయీ, పట్టుచీరలూ తడిసి ముద్దయ్యాయి. పిల్లలు వడగళ్ళు ఏరుకుని నోట్లో వేసుకున్నారు. ఇక నిప్పు భయం లేదని వంటవాళ్ళు వరండాలో మళ్ళీ పొయ్యి రాజేశారు.

పెళ్ళికొడుకు తాతగారు తల తుడుచుకుంటూ, "చూశారా బావగారూ, మబ్బుని మా బస్సు వెనకే తోలుకొచ్చాం" అన్నారు.

"అయితే దానికీ ఓ విస్తరి వేయిస్తానండీ" అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. ఏడుస్తున్న అమ్మాయి కూడా నవ్వేసింది. నలుగురిలో నోరు విప్పని నేనే ఆ మాట అన్నాను, ఒట్టు. నువ్వుంటే ఏమనేదానివో తెలుసుకోవాలనుంది. త్వరగా జవాబు రాయి.