షైలో నడకలో అమ్మ మౌనవ్రతం

మార్చి 9, సోమవారం

షైలో అనే పాత యుద్ధభూమిలో స్కౌట్ పిల్లల నడకకి పెద్దవాళ్లు ఇద్దరుండాలట. ఒకరు స్కౌట్‌మాస్టర్ గ్రీర్ గారు. రెండో ఆయన నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇంకెవరూ రాకపోతే నడక రద్దు. నేను చెయ్యెత్తాను. పక్కనున్న నా కొడుకు కోల్బీ మొహం చూడాలి! పదమూడేళ్లవాడికి అమ్మ వెంట రావడం కంటే ఆ పాత యుద్ధంలో పోవడమే నయం.

సాయంత్రం

కోల్బీ షరతు పెట్టాడు. రావొచ్చట కానీ నోరు తెరవకూడదట. దారి చూపేది దళనాయకుడు, అంటే వాడే. పెద్దవాళ్లు వెనక నడవాలి, ఎవరికైనా రక్తం కారితే తప్ప మాట్లాడకూడదు. గ్రీర్ గారి రూలే అదట. మాట తప్పితే జన్మలో నన్ను ఎక్కడికీ పిలవడట. ఒట్టేశాను. మా ఆయన డ్వైట్ టీవీ ముందు పొట్ట పట్టుకుని నవ్వాడు.

మార్చి 14

కొత్త బూట్లు. మడమలు బొబ్బలెక్కాయి.

మార్చి 19

సెలూన్లో ప్రాక్టీసు మొదలెట్టాను. ఇన్నేళ్లూ నా కత్తెర, నా నోరు కలిసే ఆడాయి. ఇవాళ కత్తెర ఒక్కటే. జుట్టు కత్తిరించుకోడానికొచ్చిన మిసెస్ ఓడెల్ అద్దంలోంచి నన్నే చూస్తూ, ఇంట్లో అంతా బాగానే ఉన్నారా అమ్మాయ్ అని అడిగింది. నిట్టూర్చి ఊరుకున్నాను.

మార్చి 20

పొద్దున్నే మిసెస్ ఓడెల్ గిన్నెడు చికెన్ క్యాసరోల్ వండి పట్టుకొచ్చింది, మా ఊళ్లో చావింటికి తీసుకెళ్లే వంటకం. వెనకే చర్చి ఆడవాళ్లు ఇంకో రెండు. మా ఇంట్లో ఎవరో పోయారని ఊరంతా చెప్పుకుంటోందట. అందరం బతికే ఉన్నామని చెప్పాను. క్యాసరోల్ మాత్రం వెనక్కివ్వలేదు.

ఏప్రిల్ 3

సంచుల తనిఖీ. కోల్బీ అందరి సంచులూ నేలమీద బోర్లించి బరువైనవన్నీ తీసేయించాడు. నా హెయిర్‌స్ప్రే, మడతకుర్చీ పోయాయి. కిక్కురుమనలేదు.

ఏప్రిల్ 4, నడక అయ్యాక

మధ్యాహ్నం దాకా బాగానే సాగింది. శాండ్‌విచ్‌లు తిన్నాక కోల్బీ ఒక ఇనప ఫిరంగికి ఆనుకుని దిక్సూచి చూశాడు. ముల్లు ఉత్తరాన్ని వదిలేసి ఫిరంగి వైపు లాగింది. దగ్గర్లో ఇనుము ఉండకూడదని గ్రీర్ గారు నేర్పింది నాకు గుర్తుంది, వాడికి లేదు. నోరు తెరిచాను. గ్రీర్ గారు కళ్లతోనే ఆపారు. మూశాను.

వాడు అటే ఉత్తరమనుకుని అందర్నీ నడిపించాడు. ముళ్లపొదలు, లోయ, మోకాళ్ల దాకా బురద. ఒకే వాగు రెండుసార్లు దాటాం. జనరల్ గారూ, ఇంక లొంగిపోదామా అని ఒకడు. నీ మొహంలాగే ఉందిరా నీ దిక్సూచి అని ఇంకొకడు. కోల్బీ చెవులు ఎర్రబడ్డాయి. ఒక్క మాట చాలు. కానీ ఆ మాట నేనంటే వాడిక నాయకుడు కాడు, అమ్మ చెయ్యి పట్టుకొచ్చిన పిల్లాడు.

చివరికి వాడే ఆగాడు. అందరికీ వినబడేలా, అమ్మా, నీకేమైనా తెలిస్తే చెప్పవే, ప్లీజ్ అన్నాడు.

పొద్దున్నుంచీ మింగిన మాటలన్నీ నాలుక చివరికొచ్చాయి. బయటికొచ్చింది మాత్రం, ఆకలేస్తోందా నాన్నా అని.

అందరూ పగలబడి నవ్వారు. వాడూ నవ్వాడు. నవ్వుతూనే దిక్సూచి మళ్లీ చూశాడు, ముల్లు ఇప్పుడు ఇంకో వైపు చూపిస్తోంది, అయ్యో, ఫిరంగి అని నెత్తి కొట్టుకున్నాడు. అక్కణ్ణించి దారి వాడే పట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, చప్పుడు లేకుండా ఏడ్చాను.

ఏప్రిల్ 5

కాలిగోళ్లు నల్లబడ్డాయి. వచ్చే నెల పడవ ప్రయాణమట. కోల్బీ నన్ను పిలిచాడు.

వాళ్ల నాన్న మాత్రం వద్దట. ఆయనకి నోరు ఎక్కువట.