నాకంటూ ఏముంటది?

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ మీద వేసిన ముద్ర సంగతేమిటో తేల్చుకుందామని ఈ వయసులో యూనివర్సిటీలో సైకాలజీ చదువుతున్నాను. ఇవాళ క్లాసులో, అప్పట్లో డాక్టరు నిన్ను అడిగిన ఆ ప్రశ్నల పత్రమే మా చేతికిచ్చారు.

నువ్వు ఎయిర్‌పోర్టులో ఊడ్చే పనికి చేరిన కొత్తలో, తోటివాళ్లను అడగనిదే ఏదీ చెయ్యవని కాంట్రాక్టరు నిన్ను డాక్టరు దగ్గరికి పంపాడు. నేను పక్కనే ఉన్నాను. "మీకంటూ సొంత అభిప్రాయాలు ఉన్నాయా?" అన్నాడు డాక్టరు, చేతిలోని ప్రశ్నల పత్రం చూసి. "నాకంటూ ఏముంటది సారూ? ఉంటే మాకుంటయి" అన్నావు. పరాధీన వ్యక్తిత్వ రుగ్మత, అంటే ఒకరి మీద ఆధారపడనిదే ఏదీ తేల్చుకోలేని రోగం అని రాసిచ్చాడు. పని పోయింది. ఆ తర్వాత శంషాబాద్‌లో నువ్వు పోయేదాకా పిచ్చిదనే పిలిచారు.

ఇవాళ అదే పత్రం నింపితే క్లాసులో సగం మందికి నీ రోగమే తేలింది. జల్‌పల్లి పిల్ల ఒకతి, "జర ఆగండి మేడం, మా అమ్మనడిగి నింపుత" అని నవ్వించింది.

నేను లేచి గొడవపడ్డాను. ఏ దేశపు మనుషుల కోసం రాసిన ప్రశ్నలివి? నలుగురినీ అడిగి బతకడం రోగమైతే మన ఊళ్లన్నిటికీ మందులిస్తారా? మేడం శాంతంగా విన్నారు. "సంస్కృతిని గమనించాలని పుస్తకంలోనూ ఉందండీ. కానీ ఆ పేరా పరీక్షకు రాదు."

రేపు రోగులను అడిగి నింపమని అదే పత్రంతో మమ్మల్ని దవాఖానకు పంపుతున్నారు. ఎదురుగా కూర్చున్న మనిషి "మాకుంటయి" అంటే, టిక్కు పెట్టడానికి అందులో గడి లేదక్కా.