చిట్టెమ్మత్త పోసిన అంబలి

నవంబర్ 19

తమ్ముడు కామేష్‌ను మట్టిలో పెట్టి వచ్చాం. సెరిబ్రల్ మలేరియా. రెండు రోజుల ముందు తెచ్చి ఉంటే బతికేవాడని డాక్టర్ అన్నాడట. నేను వైజాగ్ నర్సింగ్ హాస్టల్ నుంచి వచ్చేసరికే అంతా అయిపోయింది. అమ్మ ఏడవడం లేదు.

నవంబర్ 22

ఇవాళ కూడా అమ్మ అన్నం ముట్టలేదు.

నవంబర్ 24, సాయంత్రం

గంగరాజు చిన్నాన్న వచ్చాడు. జ్వరం వచ్చిన రోజు వాడు ఏం తిన్నాడని అడిగాడు. పక్కింటి చిట్టెమ్మత్త అంబలి పోసిందని అమ్మ చెప్పింది. చిన్నాన్న గొంతు తగ్గించాడు. అది చిల్లంగి అన్నాడు. మొగుడూ పిల్లలూ లేని మనిషి, మనింటి మీద కన్నేసి చేతబడి చేసిందన్నాడు.



చిన్నాన్న వెళ్లాక అమ్మ కంచం పెట్టుకుని తింది. మళ్లీ వడ్డించుకుంది. నాకు సంతోషం వేసింది. ఎందుకు తినగలిగిందో పడుకున్నాక గానీ అర్థం కాలేదు.

నవంబర్ 27

దోమ గురించి చెప్పాను. ఫోన్‌లో వీడియో చూపించాను. ఆసుపత్రి రిపోర్ట్ చదివాను. అమ్మ చివరిదాకా విన్నది.

"దోమేనా? అయితే ఆస్పత్రికి రేపెల్దాం, తగ్గిపోద్ది అన్నది నేనే గదా. బిళ్ల మింగి తొంగోమన్నది నేనే గదా."

 మళ్లీ తనే అంది, "కాదు. సిట్టెమ్మే సేసింది."

ఫోన్ పక్కన పెట్టేశాను. అత్త తప్పు లేదని ఒప్పుకుంటే అమ్మకు ఇక మిగిలేది తన తప్పే. ఇంకా మాట్లాడాల్సింది. 

నవంబర్ 30

చిన్నాన్న మాట ఊరంతా పాకింది. అత్త రాగానే కుళాయి దగ్గర అందరూ బిందెలు తీసేశారు. మా వీధి రత్న తన బిడ్డ మొహం కొంగుతో కప్పింది. రత్నకు పురుడు పోసింది అత్తే.

డిసెంబర్ 2

అత్త మా గుమ్మంలోకి వచ్చింది. "వదినా, నా సేతుల మీద పెరిగిన గుంటడు" అంది. అమ్మ తలుపేసింది. ఏళ్ల తరబడి ఇద్దరూ ఒకే తోటలో పక్కపక్కనే కాఫీ పళ్లు కోశారు. నాన్న పోయినప్పుడు అమ్మ ఏడ్చింది ఆమె ఒళ్లోనే.

డిసెంబర్ 5

కుర్రాళ్లు అత్త ఇంటి చుట్టూ కర్రలు పట్టుకు తిరుగుతున్నారు. పోలీసులకు చెబుదామన్నాను. వద్దంది అత్త, చింతపల్లి వైపు చెల్లెలి ఊరికి పోతానంది. మూట నేనే మోశాను. మంచులో జీపు కోసం నిలబడ్డాం. అత్త అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది.

"గుంటా, నువ్వు సదువుకున్నావు. నిజం సెప్పు. నా సేతిలో ఏటైనా ఉందేటి?"

లేదత్తా అన్నాను. జీపు ఎక్కేముందు మళ్లీ అడిగింది. ఆ చేతులు పట్టుకున్నాను. గబుక్కున వెనక్కి లాక్కుంది, నాకేమైనా అవుతుందేమోనని.

డిసెంబర్ 9, ఉదయం

అమ్మ పెరటి కంచె దగ్గర నిలబడి "వదినా" అని పిలిచింది. అటువైపు అత్త ఇంట్లో ఎవరూ లేరు. మళ్లీ పిలిచింది.