పటిక తగ్గించమ్మా

అమ్మా, నేను బాగానే ఉన్నా. ఇవాళ మా నీళ్ల ప్లాంటులో ఏటి నీళ్లు ఆరు జాడీల్లో పోసి, మూడింట్లో పటిక, మూడింట్లో పటికలాగే నీళ్లు తేర్చే ఇనుప మందు వేసి చూశాం. ఇనుప మందువి ముందు తేరుకున్నాయి, తర్వాత పటికవి. ఒక్కటి మసకగానే ఉండిపోయింది. త్వరగా తేరతాయని అందులో నేను పటిక రెండింతలు వేశా. "కూరలో ఉప్పు రెండింతలేస్తే రుచి కూడా రెండింతలవుతుందేంట్రా?" అని కెమిస్టు మేడం నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పోయిన మెసేజ్‌లో ఇంట్లో తాగే నీళ్లలో నిన్నూ అలాగే వెయ్యమన్నా కదా. అది తప్పమ్మా. ఎప్పటిలా కొంచెమే వేసి తిప్పు, కదపకుండా ఉంచు, పైనీళ్లు వంచి మరగబెట్టు. నాన్నని అడిగానని చెప్పు. చెల్లికి విరేచనాలు తగ్గాయా? ముందు అదొక్కటి రాయి.