జెనోవాలో మూడు రోజులు

ఖతీఫ్ (సౌదీ), 24 జనవరి 1991

ప్రియమైన సావిత్రికి,

నేను బాగానే ఉన్నాను. ఈ మాట ముందే రాసేస్తే మిగతాది నిదానంగా చదువుతావని. సైరను మోగుతోంది, ఆగుతోంది, మళ్ళీ మోగుతోంది. సద్దాం రాకెట్లతో గ్యాసు వేస్తాడని ఊరంతా కిటికీలకి టేపు అంటిస్తున్నారు. మన కొట్లో వలలు, గేలాలు అడిగేవాడే లేడు. టేపులూ టార్చిలైటు బ్యాటరీలూ మాత్రం మూడ్రోజుల్లో ఖాళీ. తీరా చూసుకుంటే నా గది కిటికీకి టేపు లేదు! పక్కన అరబ్బీ ఫారాలు టైపు చేసే కరాచీ ఇస్మత్ భాయి లేడూ, "రాజూ, క్యా దుకాన్‌దార్ హై తూ!" అని నా వ్యాపారం మీద ఒకటే నవ్వు. నవ్వుతూనే తన టేపు చుట్టలో మిగిలింది నాకిచ్చాడు.

మీ మేడమ్ వాళ్ళు యుద్ధానికి ముందే ఇటలీ పోతూ నిన్నూ పట్టుకుపోయారు, అదొక్కటే నాకు ధైర్యం. నువ్వు ఖోబర్‌లో ఆళ్ళింట్లో పని చేస్తూ, నేనిక్కడ కొట్లో. పెళ్ళయి నాలుగేళ్ళు, శుక్రవారం శుక్రవారం ఆళ్ళ గేటు దగ్గర గంటసేపు మాట్లాడుకునే కాపురం చేశాం. ఇప్పుడా గేటు కూడా లేదు. రాయవే. ఏదో ఒకటి రాయి.

భయపడుతూనే కొట్టు తెరుస్తున్న
నీ అమ్మిరాజు

*

జెనోవా, 12 ఫిబ్రవరి

ప్రియమైన మా ఆయనకి,

మీ ఉత్తరం చదివాక ముద్ద దిగలేదు. ఆ రాకెట్ల గురించే ఆలోచించకుండా మీరొక పని చేయండి. ఇక్కడికి రావడానికి ప్లాను వేయండి. మేడమ్‌ని అడిగాను. మీ ఆయనొస్తే మూడు రోజులు సెలవిస్తానంది.

ఇది పాతకాలం ఓడరేవు. రేవులో పే...ద్ద దీపస్తంభం ఉంది. సందులు ఎంత సన్నమంటే ఇద్దరం పక్కపక్కన నడిస్తే భుజాలు రాసుకుంటాయి. అక్కడిలా పెళ్ళి కాయితం జేబులో పెట్టుకుని తిరగక్కర్లేదు, ఈవిడ నీకేమవుతుందని ఏ పోలీసూ అడగడు. నలుపూ తెలుపూ చారల రాళ్ళతో కట్టిన పెద్ద చర్చి ఉంది. వెనకటి యుద్ధంలో ఓ గుండు దాని గోడ బద్దలుకొట్టుకుని లోపల పడిందంట. పేలలేదు. దాన్నలాగే లోపల నిలబెట్టారు. అన్నీ పేలవండీ.

సైరను మోగినప్పుడల్లా, మొదటిరోజు ముందెక్కడికెళ్దామా అని ఆలోచించండి.

మీ కోసం కళ్ళు కాయలు కాసిన
సావిత్రి

*

ఖతీఫ్, 27 ఫిబ్రవరి

ప్రియమైన సావిత్రికి,

బతికే ఉన్నాను. మొన్న దహ్రాన్‌లో అమెరికా సైనికులుండే షెడ్డు మీద పడింది రాకెట్టు. చాలామంది పోయారంట. నేను బల్లకింద దూరి, చెవులు మూసుకుని, నువ్వు చెప్పినట్టే చేశాను. మొదటిరోజు దీపస్తంభం ఎక్కుదాం. రెండోరోజు చర్చి, సందులు. మూడోరోజు పడవెక్కి రేవంతా తిరుగుదాం. పడవ బేరం నాకొదిలెయ్యి. నీకు చలికి చెప్పులు కొనాలి, కాలి కొలత ఓ కాయితం మీద గీసి పంపు.

అవునుగానీ, నువ్వన్నీ మేడ మీంచి చూసినట్టు రాస్తావేంటే? కింద ఏం అమ్ముతున్నారు, కొట్లెలా ఉన్నాయి, బేరాలాడతారా? వ్యాపారస్తుడికి అది కదా కావాల్సింది!

యుద్ధం అయిపోవచ్చింది అంటున్నారు. అవగానే కఫీలు అబూ హసన్‌ని అడుగుతాను. కొట్టు నేను నడిపినా పేరు ఆయనదే, నా వీసాకి పూచీ ఆయనే, పాస్‌పోర్టు ఆయన బీరువాలోనే. నిజం చెప్పనా, రాకెట్టు కన్నా ఆయన ముందు నోరు తెరవాలంటేనే నాకు భయం. అయినా అడుగుతాను.

నీ అమ్మిరాజు

*

జెనోవా, 16 మార్చి

ప్రియమైన మీకు,

యుద్ధం ఆగిందంట, దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఇంక తొందరెందుకండీ? కఫీలు ఎలాగూ దేశం దాటే కాయితం మీద సంతకం పెట్టడు. అడిగి చీవాట్లు తినొద్దు. కొట్టు జాగ్రత్తగా చూసుకోండి. మేమూ జూన్‌లో ఖోబర్ వచ్చేస్తాం. కొట్లంటారా, ఉన్నాయి. చేపలవీ, పళ్ళవీ. మళ్ళీ రాస్తాను, పిల్లలు లేచారు.

సావిత్రి

*

ఖతీఫ్, 14 ఏప్రిల్

ప్రియమైన సావిత్రికి,

కువైట్ చమురు బావులింకా మండుతున్నాయి, ఆ పొగకి ఇక్కడ పగలే దీపాలు పెడుతున్నాం. ఇది కూర్చుని చదువు.

అబూ హసన్ వెంటనే ఒప్పుకున్నాడు. నవ్వుతూ పాస్‌పోర్టు చేతిలో పెట్టాడు. ట్రావెల్స్ వాళ్ళు ఇటలీ వీసా కొట్టించారు. తర్వాత ఆయనే అరబ్బీ ఫారం తెచ్చి సంతకం పెట్టమంటే పెట్టాను. పదకొండేళ్ళుగా ఆయన తెచ్చినదాని మీద పెట్టడమే, చదివిందెప్పుడు? స్టాంపు పడ్డాక ఇస్మత్ భాయికి చూపించాను, సంబరంగా. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "రాజూ, యే తో ఖురూజ్ నిహాయీ హై. సిర్ఫ్ జానా హై, వాపస్ ఆనా నహీఁ" అన్నాడు. మళ్ళీ తిరిగి రాకుండా పంపేసే కాయితమంట. నేనే కొట్టొదిలి పోతున్నాననీ, నాకు రావాల్సినవన్నీ ముట్టాయనీ ఉందంట అందులో. పరిగెత్తుకెళ్ళి అడిగితే అబూ హసన్, "మా అల్లుడు ఖాళీగా ఉన్నాడు, రాజూ" అన్నాడు. అంతే. ఆ అల్లుడు అప్పుడే నా స్టూలు మీద కూర్చున్నాడు. గేలం ముల్లు ఎలా పట్టుకోవాలో తెలీదు వాడికి.

మే పదిహేనులోపు దేశం దాటాలి. పద్నాలుగున జెనోవాకి టిక్కెట్టు కొన్నాను. మూడ్రోజులాగి బొంబాయి. నువ్వు ఖోబర్ వచ్చినా నేనిక ఆ గేటు దగ్గరికి రాలేను. ఎన్నేళ్ళో తెలీదు. నాకిప్పుడు మిగిలింది ఆ మూడ్రోజులే. మేడమ్ మాట మార్చదు కదా? అదొక్కటి రాయి.

నీ అమ్మిరాజు

*

జెనోవా, 29 ఏప్రిల్

ప్రియమైన నా మొగుడికి,

మీరు బయల్దేరేలోపు అందుతుందో లేదోనని ఇదే ఉత్తరం రెండుసార్లు రాసి ఈరోజొకటి, రేపొకటి వేయిస్తున్నాను.

మేడమ్‌ని నేను సెలవడగలేదు. ఇక్కడికొచ్చిన రోజు అయిదు అంతస్తులు ఎక్కాను, మళ్ళీ దిగలేదు. వాళ్ళు బయటికెళ్తే బయటినుంచి తాళం. దీపస్తంభం వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది. చర్చీ, గుండూ, సందులూ పిల్లల బొమ్మల పుస్తకంలోవి. ఉత్తరాలు మెట్లు తుడిచే ముసలావిడ తీసుకెళ్ళి వేస్తుంది. మీరు భయంగా ఉంది, ఏదో ఒకటి రాయమన్నారు. రాశాను. కఫీలు సంతకం పెట్టడన్న ధైర్యంతో రాశాను. నా అబద్ధం మీ పదకొండేళ్ళ కొట్టుని తినేసింది. నన్ను ఏమన్నా అనండి, పడతాను.

రావద్దని రాద్దామనుకుని రెండు కాయితాలు చింపాను. రండి. ఊరు చూడ్డానికి కాదు. ఖోబర్ గేటు లోపలికి తీసుకెళ్ళిపోతే నన్ను మళ్ళీ ఎవరూ బయటికి తేలేరు. ఇక్కడ మెట్ల మీద గట్టిగా మాట్లాడితే చాలు, అన్ని అంతస్తుల తలుపులూ తెరుచుకుంటాయి. మేడమ్‌కి అదంటే భయం. నాకు మేడమ్ అంటే భయం. మీకు అందరన్నా భయమే, నాకు తెలుసు. అయినా బెల్లు కొట్టండి. అడ్రసు కవరు వెనకాల ఉంది. నా పాస్‌పోర్టు హాల్లో టీవీ కింద సొరుగులో ఉంది.

మీరసలే మాటల్లో పడిపోతారు, మొహమాటం ఎక్కువ. లోపలికి రమ్మంటారు, గావా కాఫీ ఇస్తారు. తాగొద్దు, కూర్చోవద్దు. గుమ్మంలోనే నిలబడి "నా భార్యనీ, ఆవిడ పాస్‌పోర్టునీ ఇవ్వండి" అనండి. గట్టిగా, వంటింట్లోకి వినపడేలా అనండి. మీ గొంతు వినపడగానే పొయ్యి ఆర్పేసి బయటికొచ్చేస్తాను.

మీ
సావిత్రి