శాపం తీసేశారట

కుప్పం, 1978 ఆగస్టు 19, శనివారం రాత్రి

బెంగళూరు నుంచి మా మోర్మన్ సంఘం, అదే అమెరికా నుంచి వచ్చిన మా క్రైస్తవ సంఘం, పెద్దాయన ఉత్తరం వచ్చింది. ఇకమీదట ఆఫ్రికా వంశపు నల్లవాళ్ళు కూడా యాజకులు కావచ్చట.

"సూసినావా పాపా, దేవుడు మనసు మార్సుకున్నాడు!" అని నాయన మురిసిపోయాడు.

రెండేళ్ళ కిందట, కెన్యా నుంచి బెంగళూరుకి చదువుకోవడానికి వచ్చిన డేనియల్, నన్ను పెళ్ళి చేసుకుంటానని అడగడానికి రైలెక్కి ఈ ఇంటికే వచ్చాడు. "మీ వంశానికి శాపం ఉండాదప్పా. మీ పిల్లోళ్ళకి యాజకత్వం రాదు, మా పుస్తకంలో రాసుండారు" అని నాయన పంపేశాడు. నేనూ ఆ మాట నమ్మి తలుపు చాటునే ఉండిపోయాను. డేనియల్‌కి ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో భార్య, ఒక కొడుకు. ఆయనకంటే మేమేదో తెల్లగా ఉన్నట్టు!

అంత పెద్ద శాపం ఒక్క ఉత్తరంతో పోయేదే అయితే...

నాయన చేతిలోంచి ఉత్తరం తీసుకుని చివరిదాకా చదివాను. ఆయన చదవకుండా వదిలేసిన వాక్యం అడుగున ఉంది. పెళ్ళి మాత్రం ఎవరి జాతిలో వాళ్ళు చేసుకోవడమే మేలట, ఇప్పటికీ.

పక్కింటికి వెళ్ళి కాఫీపొడి అడిగి తెచ్చుకున్నాను. మేం బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి ఈ ఇంట్లో కాఫీ కాయలేదు. వాసనకి నాయన వంటింట్లోకి వచ్చాడు.

"ఏంది పాపా ఇది? మన సంఘంలో పాపం గదా!"

"ఇప్పటికి పాపమే నాయనా. అది గూడా మార్సినామని ఉత్తరం వచ్చేదాకా, ఈసారి నేను కాసుకోని ఉండను."