లండన్ ఆవిడకు నువ్వు చెప్పిన మాటలు

సుబ్బులూ,

నువ్వు పోయాక ఏదీ చూడబుద్ధి కావడం లేదు. అయినా నీకొకటి చెప్పాలి. మన కేబుల్ టీవీలో నవ్వించే లండన్ ఆవిడ నిన్న ఈ బెర్లిన్‌లో, మన అమ్మాయి ఇంట్లో టీవీలో కనిపించింది. ముసలిదైపోయింది. కనుబొమ్మ ఎగరెయ్యడం మాత్రం మానలేదు. పనిమనిషి వేషాలతో మొదలైన మనిషి, ఇప్పుడు కథలు కూడా తనే రాసుకుంటోందట. ఇదే ఆఖరి సీరియల్ అని అమ్మాయి చెప్పింది.

ఇక్కడ అన్నిటికీ జర్మన్ గొంతులు పెట్టేస్తారు. ఆవిడ నోట్లోంచి ఇంకెవరిదో గొంతు వస్తోంది.

"ఇంగ్లీషు పెట్టనా నాన్నా?" అంది అమ్మాయి.

"సౌండు తీసెయ్యమ్మా," అన్నాను.

నువ్వలాగే కదా చూసేదానివి. ఇంగ్లీషు రాకపోయినా ఆవిడ మాటలన్నీ తెలుగులో నువ్వే చెప్పేదానివి. మామూలుగా నా పేరు పలకనిదానివి, ఆవిడ మొగుణ్ణి తిట్టినప్పుడు మాత్రం నా పేరే పెట్టేదానివి.

నిన్న కూడా ఆవిడ మొగుడి వైపు వేలు ఆడించింది.

"ఏమంటోంది నాన్నా?" అంది అమ్మాయి, చిన్నప్పుడు నిన్నడిగినట్టే.

నాకు మాటలు చాతకావని నీకు తెలుసు. అయినా నీలాగే చెప్పాను.

"ఏమయ్యా సూరయ్యా, మఫ్లరు చుట్టుకోమని ఎన్నిసార్లు చెప్పాలి, అంటోంది."

అమ్మాయి నవ్వింది. నేను లేచి మఫ్లరు చుట్టుకున్నాను.